సరస్సు మ్యాపు కార్డు

సరస్సు మ్యాపు కార్డు అనగా సరస్సుల, జలాశయాల అడుగుభాగపు లోతులను గీతల రూపంలో చూపే డిజిటల్ పటం నిక్షిప్తమై ఉన్న చిన్న మెమరీ కార్డు. చేపల వేటలో వాడే జీపీఎస్ పరికరంలో దీనిని అమర్చినప్పుడు తెరపై సరస్సు పటమూ, ఆ పటంపై పడవ ఉన్న చోటూ కనిపిస్తాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా దేశాలలో సరదాగా గాలం వేసేవారిలో వీటి వాడకం ఎక్కువ. ఒక్కొక్క కార్డు వెల సాధారణంగా వంద డాలర్లు దాటుతుంది. కార్డు అట్టపై వేల సరస్సుల సంఖ్య ప్రముఖంగా ముద్రించి ఉంటుంది గాని, కొనేవారికి ఆ సంఖ్య వలన తెలిసేది స్వల్పం. తాము వెళ్ళే సరస్సును ఎంత దగ్గర దగ్గరగా కొలిచారు, ఆ కొలత ఏ నీటిమట్టానికి చెందినది, తమ పరికరం ఆ కార్డును చదవగలదా అనే విషయాలే కార్డు విలువను నిర్ణయిస్తాయి.

పటం అవసరం

చేపలు సరస్సులో అంతటా సమానంగా ఉండవు. లోతు ఒక్కసారిగా మారే అంచులు, నీటి అడుగున లేచిన దిబ్బలు, రాతి తిన్నెలు, నాచు పెరిగే మెరకలు, పాత ఏటి కాలువలు వాటికి నెలవులు. నీటి పైనుండి చూసేవారికి ఇవేవీ కనిపించవు. ఈ కొరతను కొంతవరకు తీర్చినది సోనార్. పడవ అడుగున అమర్చిన సాధనం నీటిలోకి ధ్వని తరంగాన్ని పంపి, అది నేలను తాకి తిరిగివచ్చే కాలాన్ని బట్టి లోతును లెక్కిస్తుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మంచినీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,480 మీటర్లు. కనుక 10 మీటర్ల లోతుకు వెళ్ళివచ్చేందుకు సెకనులో డెబ్బయ్యోవంతు కాలం చాలు. ఈ సాధనాలను మామూలు వేటగాళ్ళకు అందుబాటులోకి తెచ్చిన వాటిలో 1957లో ఏర్పడిన లోరెన్స్, 1971లో అలబామా రాష్ట్రంలోని యూఫాలాలో మొదలైన హమ్మింగ్‌బర్డ్ కంపెనీలు ముఖ్యమైనవి.

అయితే సోనార్ పడవ కింద ఉన్నదానినే ప్రధానంగా చెబుతుంది. ముందు ఏమున్నదో, వంద గజాల అవతల ఏమున్నదో తెలియాలంటే పటం కావాలి. పటం ఉన్నా, అందులో మనం ఎక్కడ ఉన్నామో తెలియకపోతే అది గోడకు తగిలించిన బొమ్మతో సమానం. ఈ రెండవ లోటును జీపీఎస్ తీర్చింది. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా దోషం కలిపేది. దాని వలన స్థానంలో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. యాభై మీటర్ల వెడల్పు గల దిబ్బను వెతికేవానికి అంత తేడాతో ప్రయోజనం లేదు. ఆ దోషాన్ని తొలగించిన తరువాత, 2003లో వాస్ అనే సవరణ వ్యవస్థ పనిలోకి వచ్చిన తరువాత, అనుకూల పరిస్థితులలో స్థానం మూడు మీటర్ల లోపు ఖచ్చితత్వంతో తెలియసాగింది. సరస్సు మ్యాపు కార్డులు విస్తరించినది కూడా ఈ కాలంలోనే.

గీతల వెనుక ఉన్న కొలత

భూగోళ పాఠంలో కొండలను చూపే కాంటూరు రేఖలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. సరస్సు పటంలోనివి వాటికి తలకిందులుగా ఉండే సమలోతు రేఖలు. ఒకే లోతు గల బిందువులను కలిపిన గీత ఒక సమలోతు రేఖ. గీతలు దగ్గరగా ఉంటే నిటారు వాలు, దూరంగా ఉంటే చదును. అమెరికాలో సరస్సుల లోతులను అడుగులలో చెప్పడం వాడుక కనుక ఈ వ్యాసంలో కూడా అడుగులనే వాడడమైనది.

కార్డులలో ఉండే పటాలు అన్నీ ఒకే పుట్టుక గలవి కావు. అట్టపై ఈ తేడా కనిపించదు. తెరపై కూడా వెంటనే కనిపించదు. ఎంపికలో పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

మొదటి రకం, పాత కాగితపు పటాలను కంప్యూటరులోకి ఎక్కించినవి. అనేక రాష్ట్రాల సహజ వనరుల శాఖలు ఇరవయ్యవ శతాబ్దంలో చేపల పెంపకం నిమిత్తం సరస్సులను సర్వే చేసి పటాలు గీయించాయి. వాటిలో పాతవి సీసపు గుండు కట్టిన తాడును దింపి కొలిచినవి. కొలతల మధ్య దూరం ఎక్కువ. గీతల మధ్య అంతరం సాధారణంగా 5 లేదా 10 అడుగులు. జీపీఎస్ లేని కాలపు పటాలు గనుక, వాటిని అక్షాంశ రేఖాంశాలకు సరిపెట్టినప్పుడు దిబ్బ తన అసలు చోటునుండి పదుల మీటర్ల దూరం జరిగి కనిపించడం కద్దు. ఈ పటాలు తప్పులని కొట్టివేయరాదు. అవి గీసినది చేపల శాఖ అవసరాల కోసం. పడవను పది అడుగుల తేడాతో ఒక అంచు మీద నిలపడం కోసం కాదు.

రెండవ రకం, జీపీఎస్, సోనార్ రెండూ అమర్చిన సర్వే పడవతో సరస్సుపై వరుసలుగా తిరిగి కొలిచినవి. వీటిలో గీతల మధ్య అంతరం 1 అడుగు వరకు ఉంటుంది. కార్డు తయారీదారులు హై డెఫినిషన్ సరస్సులు అని వేరుగా చెప్పేవి సాధారణంగా ఇవే. ఒక కార్డులో కొన్ని వేల సరస్సుల పేర్లు ఉన్నా, ఈ రకంగా కొలిచినవి అందులో కొంత భాగమే. మిగిలిన వాటిలో కొన్నింటికి పాత పటాల గీతలు, కొన్నింటికి కేవలం ఒడ్డు గీత మాత్రమే ఉంటాయి. ఒడ్డు గీత లోపల నీలిరంగు తప్ప మరేమీ లేని సరస్సు కూడా అట్టమీది లెక్కలో ఒకటిగా చేరుతుంది.

మూడవ రకం, వాడుకదారులు తమ పడవలలో నమోదు చేసి పంపిన సోనార్ కొలతలను కూర్చి తయారుచేసినవి. నావియోనిక్స్ కంపెనీ సోనార్‌చార్ట్ పేరుతో ఇచ్చిన పటాలు ఈ తరహావి. పడవలు ఎక్కువగా తిరిగే సరస్సులలో ఇవి బాగుంటాయి. ఎవరూ వెళ్ళని మూలలలో గీతలు ఉన్నా, వాటికి ఆధారమైన కొలతలు పలుచగా ఉంటాయి.

అంతరం వలన కలిగే తేడాకు మిన్నెసోటా రాష్ట్రంలోని మిల్ లాక్స్ సరస్సు మంచి ఉదాహరణ. దీని విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు, గరిష్ట లోతు మాత్రం 42 అడుగులే. అంత పెద్ద సరస్సు ఇంత లోతు తక్కువగా ఉండడం వలన పది అడుగుల అంతరంతో గీసిన పటంలో మధ్యభాగం దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ చుట్టూ ఉన్న నేలకంటే కొన్ని అడుగులు మాత్రమే ఎత్తుగా లేచిన బురద మెరకలు ఉన్నాయి. వాలై అనే చేపకోసం వేటగాళ్ళు వేసవిలోను, సరస్సు గడ్డకట్టిన శీతాకాలంలోను వెతికేది ఈ మెరకల అంచులనే. 29 అడుగుల లోతునుండి 22 అడుగుల లోతు వరకు లేచిన మెరక ఒకటి ఉన్నదనుకుందాం. పది అడుగుల అంతరం గల పటంలో 20, 30 గీతలు మాత్రమే ఉంటాయి కనుక ఆ మెరక అసలే కనిపించదు. 5 అడుగుల పటంలో 25 అడుగుల గీత ఒక్కటి దాని చుట్టూ సున్నా చుడుతుంది. ఒక అడుగు పటంలో ఏ వైపు వాలు నిటారుగా ఉన్నదో, ఏ వైపు ముక్కులాగా పొడుచుకు వచ్చినదో తెలుస్తుంది. చేప నిలిచేది తరచుగా ఆ ముక్కు మీదనే.

అయినా ఒక అడుగు గీతలను చూసి ప్రతి గీతా కొలిచినదే అనుకోరాదు. సర్వే పడవ తిరిగిన వరుసల మధ్య ఉన్న భాగాన్ని కంప్యూటరు ఇరుపక్కల కొలతల ఆధారంగా అంచనా వేస్తుంది. వరుసల మధ్య దూరం 100 అడుగులైతే 50 అడుగుల వెడల్పు గల రాళ్ళ గుట్ట వాటి నడుమ దాగిపోవచ్చు. గీత సన్నగా, నున్నగా ఉండడం కొలత సూక్ష్మంగా ఉన్నదనడానికి రుజువు కాదు.

తయారీదారులు, పరికరంతో పొందిక

ఏ కార్డయినా ఏ పరికరంలోనైనా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. కార్డు ఆకారం సరిపోయినంత మాత్రాన పరికరం పటాన్ని చదవదు. పటాల కంపెనీలు, పరికరాల కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వలన ఈ విషయం కాలక్రమంలో మరింత చిక్కుపడింది.

నావియోనిక్స్ 1984లో ఇటలీలో స్థాపించబడినది. చాలాకాలం ఇది పరికరాలు తయారుచేయకుండా అనేక కంపెనీల పరికరాలకు పటాలు అందించింది. సరస్సుల కోసం హాట్‌మ్యాప్స్ పేరుతో ప్రాంతాలవారీ కార్డులు అమ్మింది. 2017లో దీనిని గార్మిన్ కొనుగోలు చేసింది. గార్మిన్ అంతకుముందు లేక్‌వ్యూ పేరుతో సొంత సరస్సు పటాలను ఇచ్చేది; తరువాత రెండింటి సమాచారాన్ని కలిపి గార్మిన్ నావియోనిక్స్ ప్లస్ పేరుతో ఇవ్వసాగింది.

లేక్‌మాస్టర్ మిన్నెసోటాలో పుట్టిన పేరు. సొంత పడవలతో సర్వే చేసి, రాష్ట్రాలవారీగా కార్డులు విడుదల చేయడం వలన ఉత్తరాది సరస్సులలో దీనికి మంచి పేరు వచ్చింది. మొదట్లో ఇతర కంపెనీల పరికరాలకు కూడా కార్డులు దొరికేవి. హమ్మింగ్‌బర్డ్ యజమాని అయిన జాన్సన్ అవుట్‌డోర్స్ చేతికి వచ్చిన తరువాత ఇవి హమ్మింగ్‌బర్డ్ పరికరాలకు పరిమితమైనవి. హమ్మింగ్‌బర్డ్‌ను జాన్సన్ అవుట్‌డోర్స్ 2004లో కొన్నది. అదే సంస్థకు చెందిన మిన్ కోటా విద్యుత్ మోటార్లలో ఐ-పైలట్ లింక్ గల రకాలు లేక్‌మాస్టర్ పటంలోని గీతను పట్టుకొని పడవను దానంతట అదే నడిపించగలవు. ఇరవై అడుగుల గీత వెంబడి నెమ్మదిగా సాగుతూ గాలం లాగాలనుకునేవారికి ఈ ఒక్క సౌకర్యమే పరికరాన్ని ఎంచుకోవడానికి కారణమైన సందర్భాలు ఉన్నాయి.

సీ-మ్యాప్ కూడా ఇటలీలో 1985లో మొదలైనదే. ఇది లోరెన్స్, సిమ్రాడ్ పరికరాల తయారీదారు అయిన నావికో సమూహంలో చేరింది. నావికోను 2021లో బ్రన్స్‌విక్ సంస్థ కొన్నది. లోరెన్స్ మోడళ్ళలో అనేకం సీ-మ్యాప్, నావియోనిక్స్ కార్డులు రెండింటినీ చదివాయి గాని అన్ని మోడళ్ళకు ఇది వర్తించదు.

కంపెనీ పేరు సరిపోయినా మరో అడ్డంకి ఉండవచ్చు. తక్కువ ధర పరికరాలలో కొన్నింటికి జీపీఎస్ ఉన్నా పటాల కార్డును చదివే శక్తి ఉండదు. గార్మిన్ స్ట్రైకర్ వరుస ఇందుకు ఉదాహరణ. అందులో పడవ తిరిగిన దారి, గుర్తు పెట్టుకున్న చోట్లు ఖాళీ తెరపై కనిపిస్తాయి. కొన్న మ్యాపు కార్డును అది స్వీకరించదు. అదే కంపెనీ ఎకోమ్యాప్ వరుస స్వీకరిస్తుంది. పరికరం పెట్టెమీద జీపీఎస్ అనే మాట చూసి కార్డు కొన్నవారు ఆ తరువాత తెల్లమొగం వేయడం అరుదు కాదు. ఇంకొక సంగతి, కొత్త తరం కార్డు పాత తరం పరికరంలో పనిచేయకపోవచ్చు, లేదా పరికరంలోని సాఫ్ట్‌వేరును నవీకరించిన తరువాతనే పనిచేయవచ్చు. కనుక కంపెనీ పేరుతో ఆగిపోక, పరికరం వెనుక ముద్రించిన పూర్తి మోడల్ సంఖ్యతో పొందికల పట్టికను సరిచూడవలసి ఉంటుంది.

కార్డు రూపం

పాత పరికరాలలో ఆయా కంపెనీల ప్రత్యేక కార్డులు, ఎంఎంసీ కార్డులు ఉండేవి. తరువాత ఎస్‌డీ కార్డు, ఆపై మైక్రో ఎస్‌డీ కార్డు వాడుకలోకి వచ్చాయి. మైక్రో కార్డును తొడుగులో పెట్టి పెద్ద అరలో వాడవచ్చు; పెద్ద కార్డును చిన్న అరలో పెట్టే ఉపాయం లేదు. 2 గిగాబైట్ల వరకు ఎస్‌డీ, 32 వరకు ఎస్‌డీహెచ్‌సీ, అంతకుమించినవి ఎస్‌డీఎక్స్‌సీ రకాలు. తొలి రకానికే తయారైన పరికరం తరువాతి రకాలను గుర్తించదు.

పటం ఆ కార్డుకే తాళం వేసి ఉంటుంది. అందులోని ఫైళ్ళను మరో కార్డులోకి నకలు చేసినా పనిచేయదు. కార్డు పోతే పటం పోయినట్లే. మనం గుర్తు పెట్టుకున్న వేట స్థలాలను మ్యాపు కార్డుపై కాక వేరే ఖాళీ కార్డుపై భద్రపరచుకోవడం మంచిది. ఖాళీ కార్డు అనుకొని మ్యాపు కార్డును ఫార్మాట్ చేస్తే పటం చెరిగిపోతుంది.

సరస్సును బట్టి ఎంపిక

ఎంపికకు సరైన మొదటి అడుగు దుకాణంలో కాదు, కాగితం మీద. రాబోయే రెండు మూడేళ్ళలో నిజంగా వెళ్ళబోయే సరస్సుల పేర్లు రాసుకుంటే చాలామందికి అవి పది దాటవు. ఆ పది పేర్లను ఒక్కొక్క కార్డు జాబితాలో వెతకాలి. పేరు ఉన్నదా అని కాదు, హై డెఫినిషన్ జాబితాలో ఉన్నదా అని చూడాలి. ఒకే పేరు గల సరస్సులు అనేకం ఉంటాయి కనుక జిల్లా పేరు కూడా సరిచూడాలి. మిన్నెసోటాలో 10 ఎకరాలు మించిన సరస్సులు 11,842 ఉన్నవని ఆ రాష్ట్రపు లెక్క. అందులో మట్టి సరస్సు, పొడుగు సరస్సు, బియ్యపు సరస్సు అనే అర్థం వచ్చే పేర్లు పదేపదే వస్తాయి.

తయారీదారులు తమ పటాలను వెబ్‌సైటులోగాని, ఫోను అప్లికేషనులోగాని చూసే వీలు కల్పిస్తారు. ఆ పటంలో తమకు బాగా తెలిసిన ఒక దిబ్బను తెరిచి చూడడం మంచి పరీక్ష. తెలిసిన చోట పటం సరిగా ఉంటే తెలియని చోట నమ్మవచ్చు. తెలిసిన దిబ్బే లేకపోతే ఇక చెప్పేదేమున్నది?

ఉచితంగా దొరికేవాటిని ముందు చూడడం కూడా తెలివైన పని. మిన్నెసోటా సహజ వనరుల శాఖ తన లేక్‌ఫైండర్ సేవలో వేల సరస్సుల సర్వే వివరాలను, అనేక లోతు పటాలను ఉచితంగా ఇస్తుంది. సుపీరియర్, మిచిగన్ వంటి పంచ మహాసరస్సులకు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా అధికారిక ఎలక్ట్రానిక్ చార్టులను ఉచితంగా అందిస్తుంది. ఇవి నౌకాయానం కోసం తయారైనవి కనుక ప్రమాద స్థలాలను, ఓడల దారులను చక్కగా చూపుతాయి. చేప నిలిచే చిన్న అంచులను అంత వివరంగా చూపవు.

సరిహద్దు సరస్సుల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. లేక్ ఆఫ్ ది వుడ్స్ మిన్నెసోటా, ఒంటారియో, మానిటోబాల మధ్య పరచుకొని ఉన్నది. రాష్ట్రాలవారీ కార్డు కొనేవారు అందులో సరస్సు అంతా ఉన్నదా, సరిహద్దు గీత దాకానే ఉన్నదా అని చూసుకోవాలి. వేట లైసెన్సు ఏ వైపుకు చెల్లుతుందో కూడా ఆ గీతే నిర్ణయిస్తుంది.

అన్నీ సరిచూసిన తరువాత ఒక్కోసారి తేలేది ఏమిటంటే, ఆ పది సరస్సులకు ఏ కార్డులోనూ మంచి కొలత లేదని. అప్పుడు కొనకపోవడమే సరైన ఎంపిక.

నీటిమట్టం

పటంలో 12 అడుగులు అని ఉంటే, ఏనాటి నీటి ఉపరితలం నుండి 12 అడుగులు అనే ప్రశ్న వెంటనే రావాలి. మిన్నెసోటా, విస్కాన్సిన్ ప్రాంతాల సరస్సులు హిమనదాల వలన ఏర్పడినవి. వాటి మట్టం ఏడాదిలో పెద్దగా మారదు కనుక అక్కడి వేటగాళ్ళు ఈ ప్రశ్నను అంతగా పట్టించుకోరు. ఆనకట్టల వెనుక నిలిచిన జలాశయాల సంగతి వేరు. టెక్సాస్‌లోని పెద్ద సరస్సులు దాదాపు అన్నీ ఇటువంటివే. తెలుగువారు అధికంగా స్థిరపడిన డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ నగరాల చుట్టుపక్కల గాలం వేయబోయేవారికి కార్డు ఎంపికలో ఈ విషయమే ప్రధానం.

శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు అని వార్తలలో వినడం మనకు అలవాటే. ఆ సంఖ్య నీటి లోతు కాదు, సముద్రమట్టం నుండి నీటి ఉపరితలం ఎత్తు. జలాశయాల కార్డులలోని లోతులు కూడా సాధారణంగా ఇటువంటి పూర్తి మట్టం నుండే లెక్కించినవి. ఆస్టిన్ సమీపంలోని ట్రావిస్ సరస్సు పూర్తి మట్టం 681 అడుగులు. 2011లో మొదలైన తీవ్ర అనావృష్టిలో అది తగ్గుతూ వచ్చి 2013 సెప్టెంబరు నాటికి సుమారు 618 అడుగులకు చేరింది. అనగా 60 అడుగులకు పైగా తగ్గుదల. ఆనాడు పటంలో 70 అడుగుల లోతుగా ఉన్నచోట నిజానికి ఏడెనిమిది అడుగుల నీరే ఉన్నది. పటంలో 50 అడుగుల లోతున ఉన్న దిబ్బ ఎండలో ఆరిపోయిన నేల. ఆ సరస్సులో మట్టం తగ్గినప్పుడు మాత్రమే పైకి తేలే దీవులకు అక్కడివారు సమ్‌టైమ్స్ ఐలండ్స్, అనగా అప్పుడప్పటి దీవులు, అని పేరు పెట్టుకున్నారు. నెవాడా, అరిజోనాల మధ్యనున్న మీడ్ సరస్సు 2022 జూలైలో సుమారు 1,040 అడుగుల మట్టానికి పడిపోయింది. నిండుగా ఉన్నప్పుడు అది 1,220 అడుగులకు పైన ఉంటుంది.

తగ్గుదల చిన్నదైనా అలక్ష్యం చేయరాదు. టెనెస్సీ నదిపై ఉన్న కెంటకీ సరస్సులో వేసవి మట్టం 359 అడుగులు, శీతాకాలపు మట్టం 354 అడుగులు. ఐదు అడుగుల తేడానే. కానీ వేసవిలో ఆరు అడుగుల నీరున్న మెరకపై శీతాకాలంలో ఒక అడుగు నీరు మిగులుతుంది. వేగంగా వచ్చే పడవ మోటారుకు ఆ ఒక అడుగు చాలదు.

హమ్మింగ్‌బర్డ్ వంటి కొన్ని పరికరాలలో ఆనాటి మట్టం తేడాను నమోదు చేసే సౌకర్యం ఉన్నది. ఐదు అడుగులు తక్కువ అని చెబితే పటంలోని లోతులను, లోతు తక్కువ చోట్లను చూపే రంగులను పరికరం అందుకు తగినట్లు మారుస్తుంది. టెక్సాస్ జలాశయాల నేటి మట్టాలను ఆ రాష్ట్ర జలవనరుల అభివృద్ధి బోర్డు వెబ్‌సైటులో ప్రతిదినం చూడవచ్చు. పడవ దించే ముందు ఆ సంఖ్యను చూసి పరికరంలో వేయడం రెండు నిమిషాల పని. జలాశయాలలో వేటాడేవారు ఈ సౌకర్యం లేని పరికరాన్ని, దానికి సహకరించని కార్డును ఎంచుకోకపోవడం మేలు.

మట్టంతోపాటు నేల కూడా మారుతుంది. నదులు తెచ్చే ఒండ్రు జలాశయం అడుగున పేరుకుంటుంది. శ్రీశైలం జలాశయం నిర్మాణకాలంలో 308 టీఎంసీల సామర్థ్యం కలది. పూడిక వలన అది సుమారు 215 టీఎంసీలకు తగ్గినట్లు తరువాతి సర్వేలలో తేలింది. దాదాపు మూడోవంతు నీటి స్థానాన్ని మట్టి ఆక్రమించిందన్న మాట. అటువంటి జలాశయానికి కట్టిననాటి పటం ఎంత శ్రద్ధగా గీసినదైనా నేటి నేలను చూపదు. అమెరికా జలాశయాలలోను నది వచ్చి కలిసే ఎగువ భాగాలలో పటానికీ నేలకూ ఈ తేడా ఎక్కువగా కనిపిస్తుంది. సర్వే జరిగిన సంవత్సరం కార్డుపై ఉండకపోవచ్చు. కార్డు కొత్త ముద్రణ అయినంత మాత్రాన అందులోని ప్రతి సరస్సూ కొత్తగా కొలిచినదని అర్థం కాదు.

సొంతంగా పటం తయారుచేసుకోవడం

కార్డులో సరస్సు లేకపోయినా, ఉన్నది పనికిరాకపోయినా, నేటి పరికరాలలో సొంత పటం గీసుకునే మార్గం ఉన్నది. గార్మిన్‌లో క్విక్‌డ్రా, హమ్మింగ్‌బర్డ్‌లో ఆటోచార్ట్ లైవ్, లోరెన్స్‌లో జెనెసిస్ లైవ్ అనే సౌకర్యాలు ఇందుకోసమే. పడవ తిరుగుతున్నకొద్దీ సోనార్ చెప్పే లోతును, జీపీఎస్ చెప్పే స్థానాన్ని కలిపి పరికరం అక్కడికక్కడే గీతలు గీస్తుంది. నెమ్మదిగా, దగ్గర దగ్గర వరుసలలో తిరగాలి. సోనార్ సాధనం నీటి ఉపరితలానికి ఎంత కింద ఉన్నదో ముందే పరికరానికి చెప్పాలి. లేకపోతే పటమంతా అర అడుగో, అడుగో తక్కువ లోతు చూపుతుంది. వేర్వేరు రోజులలో నీటిమట్టం వేర్వేరుగా ఉంటే ఒకే చోట రెండు లోతులు నమోదై గీతలు మెలికలు పడతాయి.

యాభై ఎకరాల చిన్న సరస్సుకు ఒకటి రెండు రోజుల శ్రమ చాలు. ఒక్క సరస్సులోనే వేటాడేవారికి కార్డుపై పెట్టే డబ్బుకంటే ఈ శ్రమే ఎక్కువ ఫలం ఇస్తుంది. లక్ష ఎకరాల సరస్సుకు ఈ పద్ధతి సరిపోదు; అక్కడ కొన్న కార్డుతో చోటు పట్టి, ఇష్టమైన నాలుగైదు తిన్నెలను మాత్రం సొంతంగా తిరిగి కొలుచుకునేవారున్నారు.

పటం చెప్పనివి

సరస్సు మ్యాపు కార్డులన్నింటిపైనా, వీటిని నౌకాయానానికి ఏకైక ఆధారంగా తీసుకోరాదనే హెచ్చరిక ఉంటుంది. అది కేవలం న్యాయవాదులు రాయించిన వాక్యం కాదు. జలాశయాలు నిండకముందు నరకకుండా వదిలిన చెట్ల మోళ్ళు, రెండు గీతల మధ్య నిలిచిన ఒంటి బండరాయి, వరదకు కొట్టుకువచ్చిన దుంగలు, సర్వే తరువాత కట్టిన పడవ రేవు ఏ పటంలోనూ ఉండకపోవచ్చు. తెలియని నీటిలో, ముఖ్యంగా చీకటిలో, పటంలో గీతలు ఎంత స్పష్టంగా ఉన్నా వేగం తగ్గించి సోనార్ లోతును చూస్తూ సాగాలి. పటం చూపే లోతుకూ సోనార్ చూపే లోతుకూ తేడా వస్తే నమ్మవలసినది సోనార్‌నే.

శీతాకాలంలో గడ్డకట్టిన సరస్సుపై నడిచి, రంధ్రం తొలిచి గాలం వేసేవారు ఇవే కార్డులను చేతిలో పట్టుకుపోయే పరికరాలలో వాడతారు. మిల్ లాక్స్ మెరకలపై మంచులో ఎక్కడ రంధ్రం వేయాలో పటం చెబుతుంది. మంచు ఎంత మందంగా ఉన్నదో చెప్పదు. కాలినడకన వెళ్ళడానికైనా కొత్త, గట్టి మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ సూచన. ఆ మందాన్ని దారి పొడవునా తొలిచి చూసుకుంటూ వెళ్ళాలి, ఎందుకంటే ఒకే సరస్సులో ప్రవాహం ఉన్నచోట, ఊటలు ఉన్నచోట మంచు పలుచగా ఉంటుంది.